కుక్క మోసుకొచ్చిన దురద

పిల్లలూ! మీ ఇంట్లో కుక్క ఉన్నదా? కుక్క లేకపోతే మేకపిల్లో, లేగదూడో ఉండే ఉంటుంది. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి ఒక మూల పడవేసి, దాని మెడ చుట్టూ చేతులు వేసి, చెంపకు చెంప ఆనించి ముద్దుచెయ్యటం మీకు అలవాటే. అది కూడా మిమ్మల్ని ఒరుసుకుంటూ నిలబడుతుంది. ఇందులో తప్పేమీ లేదు. ఐతే ఆ రోజంతా అది ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో మీకు తెలుసా? దాని బొచ్చుకు ఏమేమి అంటుకుని వచ్చాయో తెలుసా?

బురద అంటుకుంటే కనబడుతుంది. పల్లేరుకాయ చిక్కుకుంటే చేతికి గుచ్చుకుంటుంది. కాని కంటికి సరిగా కనబడనిదీ, చేతికి గుచ్చుకోనిదీ ఒకటి ఉన్నది. అది కొన్ని చెట్ల నుంచి కారే నూనె. కుక్కకు అది ఏమీ చెయ్యకపోవచ్చు. కాని కుక్క బొచ్చు మీద సవారీ చేసి మన ఇంటికి వచ్చి, మన ఒంటి మీద పొక్కులు లేపగలదు. ఇవాళ ఆ నూనె సంగతి తెలుసుకుందాం.

ఒక చిక్కు ప్రశ్న

మొదట ఒక చిక్కు ప్రశ్న వేస్తాను. జాగ్రత్తగా వినండి.

వికారాబాదు జిల్లా బంట్వారంలో ఒక ఇల్లు ఉన్నదనుకోండి. ఆ ఇంటి యజమాని అడవిలో నల్లజీడి గింజలు ఏరి, గోనెసంచిలో పోసుకుని తెచ్చాడు. ఆయన వాటిని ముట్టుకునే ముందు చేతులకు నూనె రాసుకుంటాడు. పని అయిన తరువాత సబ్బుతో కడుక్కుంటాడు. ఆదివారం నాడు గింజలు అమ్మివేసి, ఖాళీ సంచిని అరుగు మీద పడవేశాడు. ఆ రాత్రి ఇంటి కుక్క ఆ సంచి మీదనే ముడుచుకుని పడుకున్నది. సోమవారం సాయంత్రం ఆ ఇంటి పిల్లవాడు బడి నుంచి వచ్చి, ఎప్పటిలాగే కుక్కను కావలించుకుని ఆడుకున్నాడు. వాడు సంచిని చూడనైనా లేదు.

బుధవారం తెల్లవారేసరికి వాడి మోచేతుల లోపలి వైపు, మెడ మీద, ఎడమ చెంప మీద చర్మం ఎర్రబడింది. మధ్యాహ్నానికి చిన్న చిన్న నీటి పొక్కులు లేచినవి. ఒకటే దురద! ఇంట్లో అందరూ కంగారుపడ్డారు. “ఇది కుక్క గజ్జి! కుక్క నుంచే వచ్చింది,” అన్నారు ఇరుగుపొరుగువారు. “ఇంకా ఇంట్లో పెట్టుకున్నారా? వాగు అవతల వదిలిరండి,” అని సలహా కూడా ఇచ్చారు. బడిలో వాడి పక్కన కూర్చునే పిల్లలు జరిగి కూర్చున్నారు. పిల్లవాడికి పొక్కుల బాధ కన్న ఈ బాధే ఎక్కువైంది.

ఐతే కుక్కను చూడబోతే దానికి ఒక్క పొక్కు లేదు. అది గోక్కోవటమూ లేదు. బొచ్చు నిగనిగలాడుతూనే ఉన్నది.

మరొక సంగతి. ప్రతి వేసవిలోనూ ఆ పిల్లవాడు మామిడికాయ కొరికినప్పుడల్లా వాడి పెదవుల చుట్టూ పుండ్లు లేస్తవి. వాళ్ల అవ్వ, “మామిడి సొన వీడికి పడదు,” అంటూ ఉంటుంది. ఈ మాటకు, కుక్కకు ఏమి సంబంధం? ఇప్పుడు చెప్పండి, నేరం ఎవరిది? కుక్కదా, సంచిదా, మామిడికాయదా? తొందరపడి జవాబు చెప్పకండి. ముందు జీడి కథ వినండి.

జీడి గుర్తు

నల్లజీడిచెట్టు మన ఎండుటాకు అడవుల్లో పెరిగే చెట్టు. దాని ఆకులు పెద్దవిగా ఉంటవి. కాయ చూడటానికి వింతగా ఉంటుంది. పైన నారింజరంగు గల మెత్తని భాగం, దాని కొనకు నల్లగా మెరిసే గింజ ఉంటవి. ఆ గింజ గుండె ఆకారంలో ఉంటుంది. దిష్టి తగలకుండా కొందరు గుమ్మానికి కట్టే నల్లజీడి ఇదే. సంస్కృతంలో దీన్ని భల్లాతకి అంటారు. ఆయుర్వేద వైద్యులు దీన్ని మందుల్లో వాడతారు గాని, శుద్ధి చెయ్యకుండా ముట్టరు.

గింజ పై పెంకులో చిక్కని రసం ఉంటుంది. అదే జీడి. అది గాలి తగిలితే నల్లబడుతుంది. బట్ట మీద చుక్క పెట్టి సున్నం అద్దితే, ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ మచ్చ పోదు. అంచేతనే పూర్వం రజకులు ఎవరి బట్టలు ఎవరివో తెలియటానికి దీనితోనే గుర్తులు పెట్టేవారు. ఈ చెట్టుకు శాస్త్రజ్ఞులు పెట్టిన సెమెకార్పస్ అనే పేరుకు గ్రీకు భాషలో “గుర్తుపెట్టే కాయ” అని అర్థం.

రెండవ ప్రపంచయుద్ధకాలంలో అమెరికా సైనికులు మన దేశానికి వచ్చారు. వారి బట్టలు ఇక్కడే ఉతికించేవారు. కొందరు సైనికులకు మెడ వెనుక చర్మం ఎర్రబడి పొక్కులు వచ్చినవి. అసలు అడవి ముఖం చూడనివారికి కూడా వచ్చినవి. సైనిక వైద్యులు పరిశీలించి చూస్తే, సరిగ్గా చొక్కా కాలరు మీద జీడి గుర్తు ఉన్నచోటే పొక్కులు లేచినట్టు తేలింది. 1943 లో ఈ విషయం అమెరికా వైద్యపత్రికలో ప్రకటించారు.

చూశారా! చెట్టు ఎక్కడో అడవిలో ఉన్నది. దాని రసం బట్ట మీదికి వచ్చింది. బట్ట మీది నుంచి మనిషి మెడకు వచ్చింది. బట్ట చెయ్యగల పని కుక్క బొచ్చు చెయ్యలేదా?

పొక్కులు రెండు రోజులు ఎందుకు ఆగుతవి?

నిప్పు తగిలితే వెంటనే కాలుతుంది. జీడి అలా కాదు. తగిలిన వెంటనే చాలామందికి ఏమీ తెలియదు. ఇందులోనే చిక్కు ఉన్నది.

ఈ నూనె కొద్ది నిమిషాల్లో చర్మం పై పొరలోకి ఇంకి, అక్కడ ఉన్న మాంసకృత్తులకు అంటుకుంటుంది. మన రక్తంలో ఊరి కావలివాళ్ల వంటి కణాలు ఉన్నవి. కొత్తవాడు ఎవడైనా లోపలికి వస్తే వాడి ముఖం గుర్తుపెట్టుకోవటం వాటి పని. మొదటిసారి జీడి తగిలినప్పుడు, దాని ముఖం నేర్చుకోవటానికి వాటికి వారం నుంచి మూడు వారాల దాకా పట్టవచ్చు. తరువాత ఎప్పుడు ఆ నూనె తగిలినా, “దొంగ వచ్చాడు!” అని గుర్తుపట్టి దండు కడతవి. ఆ దండు కట్టటానికి సాధారణంగా ఒకటి రెండు రోజులు పడుతుంది. అవి దొంగను కొట్టబోయి మన చర్మాన్నే బాదుతవి. అదే ఎరుపు, వాపు, దురద, పొక్కులు.

అంచేత బుధవారం పొక్కులు వస్తే, బుధవారం ఏమి ముట్టుకున్నామని వెతికితే లాభం లేదు. సోమవారం సంగతి గుర్తు తెచ్చుకోవాలి. మనవాళ్లు అలా వెనక్కు వెళ్లి వెతకరు. కళ్ల ముందు కనబడే కుక్క మీద నేరం మోపుతారు.

కుక్కకు ఎందుకు రాలేదు? దాని ఒంటినిండా దట్టమైన బొచ్చు ఉన్నది గనుక. నూనె బొచ్చు మీదనే నిలిచిపోయి చర్మం దాకా దిగదు. బొచ్చు పలచగా ఉండే పొట్ట మీద, మూతి దగ్గర మాత్రం ఒక్కొక్కప్పుడు కుక్కకు కూడా తగలవచ్చు. మన చర్మానికి అటువంటి కంబళి లేదు గదా!

జీడి బంధువులు

ఇక మామిడి సంగతి. మామిడి, జీడిమామిడి, నల్లజీడి — ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందిన చెట్లు. మామిడికాయ తెంపగానే తొడిమ నుంచి చిమ్మే సొనలోను, జీడిపప్పు గింజ పెంకులోను, నల్లజీడిలోను ఉండే పదార్థాలు అన్నదమ్ముల వంటివి. ఒకరి ముఖం నేర్చుకున్న కావలివాళ్లు మరొకరిని చూసి కూడా దొంగే అనుకోవచ్చు. మన పిల్లవాడికి మామిడి సొన పడదని అవ్వ చెప్పిన మాట గుర్తున్నదా? వాడి ఒంట్లోని కావలివాళ్లకు ఆ కుటుంబం ముఖం ముందే తెలుసు. అందుకే రెండో రోజుకే పొక్కులు లేచినవి.

శ్రీకాకుళం జిల్లా పలాస జీడిపప్పుకు పేరుపొందిన ఊరు. అటువంటి చోట్ల జీడిగింజలు ఒలిచేవారికి ఈ నూనె రోజూ ఎదురయ్యే శత్రువు. చేతులకు నూనె గాని బూడిద గాని రాసుకుని పని చెయ్యటం, చేతితొడుగులు వేసుకోవటం ఇందుకే. కాల్చిన గింజ లోపలి పప్పు మాత్రం మీరు హాయిగా తినవచ్చు. బాధ అంతా పెంకులోనే ఉన్నది.

ఈ కుటుంబానికి విదేశాల్లో కూడా చుట్టాలున్నారు. జపాను దేశంలో ఒక చెట్టు పాలతో కర్రపెట్టెలకు, గిన్నెలకు అందమైన మెరుగు పెడతారు. ఆ మెరుగును ఉరుషి అంటారు. ఆ పాలలో ఉండే దురదనూనె నిర్మాణాన్ని 20 వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో మజిమా అనే జపాను రసాయనశాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. దానికి ఉరుషియాల్ అని పేరు.

అదే ఉరుషియాల్ ఉత్తర అమెరికాలో పాయిజన్ ఐవీ అనే తీగలో ఉన్నది. ఆ తీగకు మూడేసి ఆకులు ఒకచోట ఉంటవి. అక్కడ కుక్కలు పొదల్లో దూరి, ఆ నూనె పూసుకుని ఇంటికి వస్తవి. వాటిని నిమిరినవారికి పొక్కులు వస్తవి. మీ అన్నయ్యలు, పిన్నిలు అమెరికాలో ఉంటే ఈ సంగతి అడిగి చూడండి. అడవుల్లోకి కుక్కను వెంటబెట్టుకుని నడకకు వెళ్లి వస్తే, దాన్ని సబ్బుతో కడిగి ఇంట్లోకి తెచ్చుకొమ్మని అక్కడి వైద్యులు చెబుతారు. మూతవేసిన చోట, పొడిగా ఉన్న పనిముట్ల మీద, బూట్ల మీద ఆ నూనె నెలల తరబడి చురుకు తగ్గకుండా ఉండగలదు.

మన గట్ల మీది శత్రువు

“మా ఇంటికి అడవి చాలా దూరం. మాకు భయం లేదు,” అనుకుంటున్నారా? మీ చేను గట్టు మీదికి వెళ్లి చూడండి. అక్కడ క్యారెట్ ఆకుల వంటి ఆకులతో, తెల్లని చిన్న పూలతో ఒక మొక్క ఒయ్యారంగా నిలబడి ఉంటుంది. దాని పేరే వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. తాండూరు, వికారాబాదు ప్రాంతాల్లో కందిచేల గట్ల మీద, బాటల పక్కన, బడి ప్రహరీగోడల వెంట కూడా మీకు కనబడుతుంది.

ఇది మన మొక్క కాదు. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి వచ్చింది. 1955–56 ప్రాంతంలో పుణెలో దీన్ని గమనించి నమోదు చేశారు. అక్కడి నుంచి దేశమంతా పాకింది. బలంగా పెరిగిన ఒక్క మొక్క 15,000 కు పైగా విత్తనాలు వెయ్యగలదు. విత్తనాలు గాలికి, నీళ్లకు, బండ్ల చక్రాలకు, పశువుల కాళ్లకు అంటుకుని పోతవి.

దీని ఆకుల మీద ఉండే సన్నని నూగులో పార్థినిన్ అనే పదార్థం ఉన్నది. ఇది జీడి నూనె వంటిది కాదు, వేరే జాతి. కాని చర్మంలోని కావలివాళ్లను రెచ్చగొట్టే పద్ధతి మాత్రం అదే. ఏళ్ల తరబడి ఈ మొక్కల మధ్య పనిచేసే రైతులకు ముఖం, మెడ, చేతులు నల్లబడి, మందమై, తీరని దురద పట్టుకుంటుంది. ఎండిన మొక్క పొడి కూడా గాలిలో ఎగిరి బాధపెడుతుంది. గట్ల వెంట తిరిగి వచ్చిన కుక్క, మేక, ఆవు ఆ పొడిని, పుప్పొడిని, ఆకు ముక్కలను ఒంటి మీద మోసుకురాగలవు. పశువులు దీన్ని మేస్తే వాటి నోరు పుండ్లు పడుతుంది, పాలు చేదెక్కుతవి.

ఇక దూలగొండి మీకు తెలిసిందే. దాని కాయ మీద బంగారు రంగు నూగు ఉంటుంది. అది నూనె కాదు, సూదుల గుంపు. తగిలిన క్షణంలోనే దురద పుడుతుంది. జిల్లేడు పాలు, జెముడు పాలు కూడా ఆలస్యం చెయ్యవు. ముఖ్యంగా అవి కంట్లో పడితే చాలా ప్రమాదం. ఇవన్నీ కూడా కుక్క బొచ్చుకు అంటుకుని రాగలవు.

మీరే చేసి చూడండి

నూనె ఒకచోటి నుంచి మరొకచోటికి ఎలా ప్రయాణం చేస్తుందో చూడాలంటే జీడి అక్కరలేదు. జీడిని ఎన్నడూ ముట్టుకోవద్దు. వంటింట్లో దొరికేవి చాలు.

ఒక చెంచా వంటనూనెలో చిటికెడు పసుపు కలపండి. పాత గొంగడి ముక్క ఒకటి తీసుకుని దాని మీద ఆ నూనె కొంచెం పూయండి. ఆ గొంగడి ముక్కే మీ కుక్క అనుకోండి. దాన్ని చేతితో ఒకసారి నిమరండి. ఆ చేతితో ఒక పాత తెల్లగుడ్డను పట్టుకోండి. ఆ గుడ్డను మీ తమ్ముడి చేతికి ఇవ్వండి. ఇప్పుడు గుడ్డ మీద సబ్బునీళ్లు చల్లండి. పచ్చని మరకలు ఎర్రబడుతవి! సబ్బులోని క్షారం వల్ల పసుపు ఎరుపుగా మారుతుంది. ఎక్కడ ఎర్రబడితే అక్కడికి నూనె వచ్చిందన్నమాట.

తరువాత ఆ గొంగడి ముక్కను రెండుగా కోసి, ఒకదాన్ని వట్టి నీళ్లలోను, రెండోదాన్ని సబ్బునీళ్లలోను బాగా పిండండి. రెంటినీ ఆరబెట్టి, వేళ్లతో రుద్ది చూడండి. నీళ్లలో పిండినది ఇంకా జిడ్డుగానే ఉంటుంది. నూనె, నీరు ఒకదానితో ఒకటి కలవవు. సబ్బు రెంటికీ మధ్యవర్తి. ఒక చేత్తో నూనెను, మరొక చేత్తో నీటిని పట్టుకుని, నూనెను బయటికి ఈడ్చుకుపోతుంది. కుక్క చెరువులో ఈది వచ్చినంత మాత్రాన దాని బొచ్చు మీది జీడి పోదని దీనివల్ల తెలుస్తున్నది గదా!

ఏమి చెయ్యాలి?

కుక్క అనుమానం గల చోటికి పోయి వస్తే, దాన్ని కడిగే పని పెద్దవాళ్లే చెయ్యాలి. పొడుగు చేతుల చొక్కా, చేతితొడుగులు వేసుకోవాలి. తొడుగులు లేకపోతే చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకున్నా సరే. గోరువెచ్చని నీళ్లు, సబ్బు వాడాలి. కుక్కలకని వేరుగా అమ్మే సబ్బు దొరికితే మరీ మంచిది. కళ్లలో పడకుండా చూసుకుని, ఒకటికి రెండుసార్లు రుద్ది, ధారాళంగా నీళ్లు పొయ్యాలి. కుక్క గొలుసు, మెడపట్టీ, అది పడుకునే గోనె కూడా కడగటం మరిచిపోవద్దు. తరువాత తమ చేతులు, గోళ్ల సందులతో సహా, సబ్బుతో కడుక్కోవాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి.

మీ ఒంటికే జీడి తగిలిందని తెలిస్తే ఆలస్యం చెయ్యక వెంటనే సబ్బుతో, ఎక్కువ నీళ్లతో కడుక్కోండి. ఎంత త్వరగా కడిగితే అంత మేలు. పొక్కులు లేచిన తరువాత గోకకూడదు, చిదమకూడదు. చల్లని తడిగుడ్డ వేస్తే హాయిగా ఉంటుంది. సున్నం, పసరు, మరేదో నాటుమందు పూసి మంటమీద మంట పెట్టుకోవద్దు. ముఖం, కళ్లు వాచినా, పొక్కులు ఒళ్లంతా లేచినా, ఊపిరి కష్టమైనా తక్షణం డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మామూలుగా ఐతే రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది.

జీడిపెంకులు, జీడికట్టెలు పొయ్యిలో పెట్టి కాల్చగూడదు. పొగతోపాటు నూనె గొంతులోకి, ఊపిరితిత్తులలోకి పోతుంది. వయ్యారిభామను పీకేటప్పుడు పూత రాకముందే, చేతితొడుగులు వేసుకుని పెద్దలు పీకాలి.

మరొక ముఖ్యమైన మాట. పొక్కుల్లోని నీరు జీడి కాదు. అది మన ఒంట్లో ఊరిన నీరే. నూనెను కడిగివేసిన తరువాత పొక్కులున్న పిల్లవాడి పక్కన కూర్చుంటే మీకు ఏమీ అంటదు. వాణ్ని దూరంగా కూర్చోబెట్టటం అన్యాయం.

కుక్క నేరస్థుడా, కాదా?

కుక్కల నుంచి మనుషులకు నిజంగా అంటే చర్మవ్యాధులు కూడా ఉన్నవి. గజ్జి సన్నని పురుగుల వల్ల వస్తుంది. తామర బూజు వల్ల వస్తుంది. గజ్జి ఉన్న కుక్క అదేపనిగా గోక్కుంటుంది. బొచ్చు రాలి, చర్మం బయటపడుతుంది. తామర గుండ్రంగా, అంచు ఎర్రగా పాకుతుంది. అటువంటి గుర్తులు కనబడితే కుక్కను పశువైద్యశాలకు, పిల్లవాణ్ని దవాఖానాకు తీసుకుపోవాలి. మందుకు రెండూ తగ్గుతవి. అప్పుడైనా కుక్కను వాగు అవతల వదలవలసిన పని లేదు.

ఇప్పుడు మన చిక్కు ప్రశ్నకు జవాబు మీకే తెలిసిపోయి ఉంటుంది. కుక్క కావలించుకునే చోట్లనే, అంటే మోచేతుల లోపల, మెడ మీద, చెంప మీద పొక్కులు లేచినవి. రెండో రోజుకు లేచినవి. కుక్క ఒంటి మీద ఏ జబ్బూ లేదు. అది పడుకున్న సంచికి జీడి అంటి ఉన్నది. ఆ ఇంటివారు చెయ్యవలసింది ఒక్కటే: కుక్కకు సబ్బుతో స్నానం చేయించి, సంచిని పిల్లలకు, కుక్కకు అందకుండా తీసివెయ్యటం.

ఈ ఆదివారం మీకొక పని ఇస్తున్నాను. ఒక కాగితం తీసుకుని మీ ఇల్లు, వీధి, చేను, చెరువు గీయండి. మీ కుక్క గాని మేక గాని తెల్లవారినప్పటి నుంచి చీకటిపడేదాకా ఎక్కడెక్కడ తిరుగుతుందో, ఎక్కడ పొర్లుతుందో, దేని మీద పడుకుంటుందో దూరం నుంచి గమనించి, ఆ దారి ఎర్రసిరాతో గుర్తుపెట్టండి. దారిలో వయ్యారిభామ ఎక్కడ ఉన్నది, దూలగొండి తీగ ఎక్కడ ఉన్నది పెద్దలను అడిగి రాసుకోండి. ఆ పటాన్ని వంటింటి గోడకు అతికించి, అమ్మకూ నాన్నకూ చూపించండి.